జారు ముద్ర పైన సుత్తీ కొడవలీ: సెర్గేయ్ చెహోనిన్ పళ్లేలను ఎలా చదవాలి?

సోవియట్ రష్యా తొలి ఏళ్లలో రంగులద్దిన పింగాణీ పళ్లేన్ని బోర్లించి చూస్తే, అడుగున చాలాసార్లు రెండు ముద్రలు కనిపిస్తాయి. ఒకటి గ్లేజు (పింగాణీ మీద గాజులా మెరిసే పూత) కింద, ఆకుపచ్చ రంగులో ఉంటుంది. పైన కిరీటం, దాని కింద రష్యా చివరి జారు (చక్రవర్తి) రెండో నికొలాయ్ పేరులోని మొదటి అక్షరం, పళ్లెం తయారైన సంవత్సరం. రెండోది గ్లేజు పైన, నీలం రంగులో ఉంటుంది. సుత్తి, కొడవలి, వాటిని ఆనుకుని యంత్రపు పళ్లచక్రం ముక్క. చాలా పళ్లేల మీద జారు ముద్ర నేరుగా కనిపించదు, దాని మీద ఒక అండాకారమో డైమండ్ ఆకారమో గీసి రంగు నింపేసి ఉంటుంది. కొన్నింటి మీద మాత్రం దాన్ని కప్పకుండా అలాగే వదిలేశారు.

అంటే ఒకే పళ్లేనికి రెండు పుట్టుకలు. జారు కాలంలో తెల్లగా కాలింది, విప్లవం తర్వాత రంగు పూసుకుంది. ముందువైపు తిప్పితే నినాదాలు, పూలు, ఎర్ర రిబ్బన్లు. ఈ పింగాణీకి ఒక రూపం, ఒక ధోరణి ఇచ్చిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు సెర్గేయ్ వసీల్యెవిచ్ చెహోనిన్. ఇతన్ని పుస్తక చిత్రకారుల చరిత్రలో ఒక చోట, పింగాణీ చరిత్రలో మరో చోట విడివిడిగా చెబుతుంటారు. అలా విడదీస్తే రెండూ అర్థం కావని నా నమ్మకం. అతని పళ్లెం కూడా ఒక పుస్తకపు పేజీయే. అతని పుస్తకపు అట్టలో పింగాణీ మెరుపు ముందునుంచీ ఉంది.

ముందు ఆ తెల్ల పళ్లేల సంగతి చూద్దాం. వాటిని చేసిన సెయింట్ పీటర్స్‌బర్గ్ పింగాణీ ఫ్యాక్టరీని మహారాణి ఎలిజవేత 1744లో పెట్టించింది. రష్యా మట్టితో పింగాణీ చేసే రహస్యాన్ని అక్కడ ద్మిత్రి వినోగ్రాదవ్ ఛేదించాడు. ఆ తర్వాత నూట డెబ్బై ఏళ్లకు పైగా అది రాజకుటుంబపు సొంత కార్ఖానా. విందుల కోసం, కానుకల కోసం, పగిలినవాటి స్థానంలో పెట్టడానికి, రంగు వేయని తెల్ల సామాను గోదాముల్లో ఎప్పుడూ నిల్వ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ప్రయోగశాలలకు కావలసిన పింగాణీ చేయడం ఫ్యాక్టరీకి ముఖ్యమైన పనైపోయింది. 1918లో అది కొత్త ప్రభుత్వపు విద్యా ప్రజాకమిసారియట్ (అంటే విద్యా మంత్రిత్వ శాఖ) చేతికి వచ్చేసరికి, ఆ తెల్ల నిల్వ గోదాముల్లోనే ఉంది.

ఇక్కడ సాంకేతిక విషయం ఒకటి తెలిస్తే కథంతా తేటపడుతుంది. గట్టి పింగాణీ చేయాలంటే మట్టినీ గ్లేజునూ కలిపి సుమారు 1400 డిగ్రీల వేడిలో కాల్చాలి. ఆ వేడికి కట్టెలూ బొగ్గూ విపరీతంగా కావాలి. చలికి తాళలేక జనం ఇంట్లో కుర్చీలు విరిచి పొయ్యిలో పెట్టుకుంటున్న పెట్రోగ్రాద్‌లో (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) అంత ఇంధనం ఎక్కడిది? కానీ ఒకసారి కాలి గ్లేజు పట్టిన పళ్లెం మీద వేసే రంగులకు అంత వేడి అక్కర్లేదు, సుమారు 800 డిగ్రీలు చాలు. చిన్న బట్టీలో పని అయిపోతుంది. అందుకే విప్లవపు పింగాణీ దాదాపుగా రంగులద్దే కళగానే మొదలైంది. కొత్త ఆకారాలు తర్వాత వచ్చాయి. మొదట్లో ఉన్నవి రాజుగారి పళ్లేలు, వాటి మీద కొత్త రాతలు. అడుగున జారు ముద్ర ఉండటాన్ని పాత లోకం మీద కొత్త లోకపు గెలుపుగా చెప్పడం అందంగానే ఉంటుంది. అసలు కారణం మాత్రం గోదాములో సరుకు ఉండటం, బయట కట్టెలు లేకపోవడం.

ఆ పని చేయించడానికి చెహోనిన్‌నే పిలవడం కాకతాళీయం కాదు. 1878లో నోవ్‌గొరద్ ప్రాంతంలో, రైలు ఇంజను నడిపే ఉద్యోగి ఇంట్లో పుట్టాడు. చిన్నప్పటినుంచే చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంటూ పీటర్స్‌బర్గ్ చేరాడు. కళాప్రోత్సాహక సంఘం బడిలో కొన్నాళ్లు, తర్వాత 1897 నుంచి 1900 దాకా యువరాణి తేనిషెవా నడిపిన స్టూడియోలో ఇల్యా రేపిన్ దగ్గర చదువుకున్నాడు. రేపిన్ మహా వాస్తవవాది, జనసమూహాలనూ ముఖాలనూ కాన్వాసు మీద బతికించినవాడు. శిష్యుడు ఆ దారి పట్టలేదు. మట్టి వైపు, మంట వైపు వెళ్లాడు. కళలను ఆదరించిన సంపన్నుడు సవ్వా మామొంతవ్ పోషించిన అబ్రామ్‌త్సెవ మట్టిపాత్రల కార్ఖానాలో పనిచేశాడు. మాస్కో మెట్రోపోల్ హోటలు గోడల మీద రంగు పలకల పనిలో పాలుపంచుకున్నాడు. అక్కడి మట్టిపని నిపుణుడు ప్యోతర్ వావూలిన్‌తో ఆ రోజుల్లో మొదలైన పరిచయం తర్వాత చాలా దూరం వెళ్లింది. 1918లో ప్రభుత్వం తరఫున పింగాణీ కార్ఖానా పగ్గాలు పట్టినవాడు వావూలిన్. కళావిభాగానికి అధిపతిగా వచ్చినవాడు చెహోనిన్.

ఈ మధ్యలో ఇంకో ముఖ్యమైన మజిలీ ఉంది, దాన్ని చాలామంది ఒక్క వాక్యంతో దాటేస్తారు. యారొస్లావ్ల్ ప్రాంతంలో రస్తోవ్ అనే ఊరు ఉంది. రాగిరేకు మీద గాజుపొడి రంగులతో చిన్న చిన్న దేవుళ్ల బొమ్మలు వేసి కాల్చే ఎనామెల్ పని అక్కడ ఎన్నో తరాలుగా నడుస్తోంది. 1913 నుంచి చెహోనిన్ వ్యవసాయ మంత్రిత్వ శాఖలో కుటీర కళల నిపుణుడిగా ఉంటూ, క్షీణిస్తున్న ఆ పనిని నిలబెట్టడానికి అక్కడి శిక్షణశాలను చూసుకున్నాడు. అరచేతిలో పట్టే పలక మీద, అతి సన్నని కుంచెతో, కాలాక రంగు ఎలా మారుతుందో ముందే ఊహించుకుంటూ గీయడం ఆ పనికి ప్రాణం. గ్లేజు మీద రంగులద్దడానికి కావలసింది సరిగ్గా ఆ నైపుణ్యమే. అతను పింగాణీ కార్ఖానాలో అడుగుపెట్టేనాటికి చేయి సిద్ధంగా ఉంది.

మరోపక్క అతని కన్ను పుస్తకాల మీద తయారైంది. 1905 విప్లవపు రోజుల్లో వ్యంగ్య పత్రికలకు పదునైన బొమ్మలు గీశాడు. ఆపైన పత్రికల అట్టలు, ప్రచురణ సంస్థల చిహ్నాలు, పుస్తకాల శీర్షికలు, అధ్యాయం చివర వేసే చిన్న అలంకారాలు గీస్తూ పోయాడు. 1912 ప్రాంతంలో 'మీర్ ఇస్కూస్త్వ' (కళాలోకం) అనే చిత్రకారుల బృందంలో చేరాడు. అలెక్సాందర్ బెన్వా వంటి వాళ్ల ఆ బృందానికి పాత పీటర్స్‌బర్గ్ మీద, మొదటి అలెక్సాందర్ జారు కాలపు స్తంభాలూ పూలదండలూ లారెల్ ఆకుల చుట్లూ ఉన్న శైలి మీద తగని మోజు. చెహోనిన్ ఆ అలంకారాలన్నింటినీ ఒంటబట్టించుకున్నాడు. కానీ అతనికి మాత్రమే దక్కిన సొత్తు అక్షరం. అతని చేతిలో రష్యన్ అక్షరం ఒకచోట సూదిలా సన్నబడి, పక్కనే ఒక్కసారిగా లావెక్కుతుంది. గీత మధ్యలో తెగి అక్కడ ఒక ఆకు మొలుస్తుంది. చదవడానికి ఒక్క క్షణం ఆగాల్సి వస్తుంది. ఆ ఆగడం అతను కోరి పెట్టినదే.

ఇప్పుడు పళ్లేన్ని దగ్గరగా చూద్దాం. 1920 నాటి ఒక పళ్లెం అంచు చుట్టూ "కార్మిక కర్షక రాజ్యానికి అంతం ఉండదు" అన్న నినాదం ఉంది. గుండ్రటి అంచు మీద వాక్యం రాయడం కాగితం మీద రాసినంత సులువు కాదు. అక్షరాల పాదాలు లోపలి వలయం వైపు, తలలు బయటి వలయం వైపు ఉంటే, ప్రతి అక్షరానికీ పైన చోటు ఎక్కువ, కింద తక్కువ. అందుకని ప్రతి అక్షరాన్నీ కొద్దిగా విసనకర్రలా విప్పాలి. పైగా చివరి అక్షరం మొదటి అక్షరాన్ని చేరేచోట ఖాళీ మిగలకూడదు, ఇరుకు కాకూడదు. చుక్కలు పెట్టుకోకుండా పెద్ద ముగ్గుకు దిగితే చివర్లో ఎలా బెడిసికొడుతుందో ఇక్కడా అంతే. మొత్తం చుట్టుకొలతను ముందే అక్షరాలకు పంచిపెట్టాలి. అట్టల మీద వందల శీర్షికలు అమర్చిన చేయికి ఈ లెక్క అలవాటే. మిగిలిన చోట పువ్వు, ఆకు, చుక్క వచ్చి కూర్చుంటాయి. అవి వట్టి సింగారం అనుకుంటాం గానీ, వాక్యం ఊపిరి తీసుకునే చోట్లు అవే. ఆద్యంతాలు లేని వలయం మీద అంతం లేదనే వాక్యాన్ని పెట్టడంలో ఒక పుస్తక రూపశిల్పి ఆలోచన నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ వాక్యం కూడా కొత్తది కాదు. క్రైస్తవ విశ్వాస ప్రమాణంలో క్రీస్తు రాజ్యానికి అంతం ఉండదన్న మాటను తీసుకుని, అందులో కార్మికుణ్ణీ రైతునూ నిలబెట్టారు. ప్రతి ఆదివారం చర్చిలో ఆ పాదం వింటూ పెరిగిన రష్యన్‌కు దాని లయ వెంటనే తగిలి ఉంటుంది. మన ఊళ్ల చర్చిల్లో ఆ ప్రమాణం చెప్పుకునేవాళ్లకు కూడా అది అంతే త్వరగా తడుతుంది. చెహోనిన్ దగ్గర పనిచేసిన మిహయీల్ ఆదమోవిచ్ 1921లో చేసిన ప్రసిద్ధమైన పళ్లెం సంగతీ ఇంతే. దాని మీద లెనిన్ బొమ్మ, రేషన్ కార్డులు, "పని చేయనివాడు తినడు" అన్న నినాదం ఉంటాయి. పౌలు థెస్సలొనీకయులకు రాసిన లేఖలోని మాట అది. 1918 రష్యా రాజ్యాంగంలోకి అదే మాట ఎక్కింది, అక్కడినుంచి పళ్లెం మీదికి వచ్చింది. అన్నం పెట్టుకునే పళ్లెం మీద, ఆకలితో అల్లాడుతున్న నగరంలో, ఆ వాక్యం ఎంత బరువుగా ఉంటుందో ఊహించుకోండి.

రంగు వేసే పద్ధతి గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే చెహోనిన్ గీతలోని తేలికదనం సగం అక్కడినుంచే వచ్చింది. లోహ భస్మాల పొడిని, తక్కువ వేడికే కరిగే గాజుపొడితో కలిపి, టర్పెంటైన్ నూనెతో నూరుతారు. గ్లేజు గాజులా జారుడుగా ఉంటుంది, కాగితంలా తడిని పీల్చుకోదు. గీత వేయగానే అది ఉపరితలం మీద తేలుతూ ఉంటుంది. తప్పు పడితే కాల్చేలోపు తుడిచేయవచ్చు, కాలాక ఇక ఏమీ చేయలేం. బంగారమైతే వేసినప్పుడు మురికిగా కనిపిస్తుంది, బట్టీలోంచి మసకగా బయటికి వస్తుంది. అకీకు రాయితో రుద్దితేనే మెరుస్తుంది. కొంత భాగం రుద్ది, కొంత వదిలేస్తే ఒకే బంగారంలో మెరుపూ మసకా రెండూ దొరుకుతాయి. తెల్లటి ఖాళీని చెహోనిన్ పోగుచేసిన డబ్బులా దాచుకున్నాడు అంటాను. మంచి ముద్రాపకుడు కాగితపు అంచులను కాపాడినట్టే పళ్లేల్లో పింగాణీ తెలుపును కాపాడాడు, ఎరుపు కొద్ది చోటే వాడి దాన్ని గట్టిగా పలికించాడు.

అతని మీద వచ్చిన పెద్ద విమర్శ ఈ సొగసు గురించే. లారెల్ చుట్లు, రిబ్బన్లు, పూలదండలు, ఇవన్నీ నెపోలియన్‌ను ఓడించిన జారు కాలపు అలంకారాలు. వాటి మధ్య జారుల రాజచిహ్నమైన గద్ద స్థానంలో సుత్తి, కొడవలి పెట్టేస్తే విప్లవ కళ అవుతుందా? ఈ కలగలుపుకు 'సోవియట్ ఎంపైర్ శైలి' అన్న పేరు స్థిరపడింది. ఆ పేరులో మెచ్చుకోలు ఎంతో ఎత్తిపొడుపు అంతే ఉంది. కొత్త రాజ్యానికి ముద్రలు కావాలి, నోట్లు కావాలి, నాణేలు కావాలి. చెహోనిన్ వీటన్నింటికీ నమూనాలు గీశాడు. తనను జనం రాజ్యంగా గుర్తించాలని కోరుకునే ప్రభుత్వానికి, రాజ్యం అంటే ఎలా కనిపించాలో తెలిసిన చేయి అవసరమైంది. ఆ చేయి పాత రాజ్యంలో తయారైనదే అయి ఉండక తప్పదు. అందుకని అతన్ని అవకాశవాది అనడం నాకు సబబు అనిపించదు. అతనికి తెలిసిన ఆ భాషలోనే అతను నిజంగా ఉత్సాహపడ్డాడని ఆ గీతల ఊపే చెబుతోంది.

కానీ ఆ భాషకు పరిమితి ఉంది, అదీ ఒప్పుకోవాలి. 1919లో అతను క్యూబిస్టు (వస్తువులను కోణాలుగా విడగొట్టి చూపే చిత్రశైలి) ముక్కలతో సుత్తి ఉన్న పళ్లెం చేశాడు. కోణాలూ కోతలూ ఉన్నాయి గానీ, అవి కూడా పూలలాగే అంచులు చక్కగా దిద్దుకుని కూర్చున్నాయి. క్యూబిజాన్ని అతను ఆభరణంగా వాడాడు, ఆలోచనగా వాడలేదు. ఆ తేడా కావాలంటే, కొద్దికాలం తర్వాత అదే ఫ్యాక్టరీకి వచ్చిన, వట్టి రేఖాగణిత ఆకారాలతో చిత్రాలు వేసిన మలేవిచ్ బృందాన్ని చూడాలి. నికొలాయ్ సుయేతిన్, ఇల్యా చాష్నిక్ తెల్ల పింగాణీని అలంకరించడానికి రాలేదు. తెలుపును శూన్యంగా తీసుకుని అందులో నలుపు, ఎరుపు దీర్ఘచతురస్రాలను తేలనిచ్చారు. మలేవిచ్ ఏకంగా టీ కెటిల్ ఆకారాన్నే విడగొట్టి మళ్లీ కట్టాడు. వాళ్ల పక్కన చెహోనిన్ పాతవాడిలా కనిపిస్తాడు. అయినా ఆ ఫ్యాక్టరీ తలుపులు ఇన్ని రకాల కళాకారులకు తెరిచి ఉన్న రోజుల్లో కళా బాధ్యత ప్రధానంగా అతని భుజాల మీదే ఉంది. జానపద బొమ్మల మండే రంగులు తెచ్చిన అలెక్సాంద్రా షెకతీహినా-పతోత్స్కయా, శిల్పి నతాల్యా దాన్కో, నాతాన్ ఆల్త్‌మన్ వంటి వాళ్లకు అక్కడ చోటు దొరికింది. ఒక్కరి శైలి మరొకరితో కలవదు. నాయకుడిగా అతని గొప్పతనం నాకు ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ పింగాణీ గురించి చదివేవాళ్లను తికమక పెట్టే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇవి ప్రచార పింగాణీ అయితే ప్రచారం ఎవరికి? రోజూ రొట్టె కోసం వరసలో నిలబడే కార్మికుడి ఇంటికి ఇవి చేరలేదు. చేతితో ఒక్కొక్కటిగా వేసిన పళ్లేలు కాబట్టి సంఖ్య తక్కువ, ఖరీదు ఎక్కువ. జనం వీటిని చూసింది ప్రధానంగా నెవ్‌స్కీ వీధిలోని దుకాణపు అద్దాల వెనక. మంచు, చీకటి, ఖాళీ దుకాణాలు ఉన్న ఆ వీధిలో ఈ రంగులు ఎలా కనిపించాయో, అక్కడే పనిచేసిన చిత్రకారిణి ఎలేనా దాన్కో తన జ్ఞాపకాల్లో రాసింది. కొన్నవాళ్లలో విదేశీయులు, సేకర్తలు ఎక్కువ. 1920ల్లో విదేశీ ప్రదర్శనలకు వెళ్లి కొత్త రాజ్యానికి పేరూ విదేశీ డబ్బూ తెచ్చాయి. 1921లో వోల్గా తీరంలో కరువు వచ్చినప్పుడు సహాయ నిధి కోసం ప్రత్యేకంగా పింగాణీ చేశారు. అంచేత వీటిని తినే పళ్లేలుగా చూస్తే మోసపోతాం. గోడకు తగిలించే పోస్టర్లతోనూ, బల్ల మీద పెట్టుకునే విలువైన పుస్తకాలతోనూ కలిపి చూడాలి.

ఎవరు చేశారు అన్న ప్రశ్న కూడా అంత సూటిగా ఉండదు. మ్యూజియం చీటీ మీద చెహోనిన్ పేరు ఉన్నంత మాత్రాన ఆ పళ్లెం మీద రంగు అతని చేత్తోనే పడిందనుకోకూడదు. అతను నమూనా గీసేవాడు. దాన్ని కార్ఖానా చిత్రకారులు మళ్లీ మళ్లీ వేసేవారు. అడుగున "చెహోనిన్ బొమ్మ ప్రకారం" అని రాసి, వేసినవాళ్ల సంక్షిప్త సంతకం, సంవత్సరం పెట్టేవారు. కాబట్టి ఒక్క పళ్లెం మీద మూడు తేదీలు కలుస్తాయి. మట్టి కాలిన ఏడాది, బొమ్మను ఊహించిన ఏడాది, రంగు వేసిన ఏడాది. 1919 నమూనా 1922లో ఇంకొకరి చేత్తో, అంతకు పదేళ్ల ముందటి పళ్లెం మీద వచ్చి ఉండవచ్చు. అలా వేసిన ప్రతిలో గీత కాస్త బిగుసుకుపోవడం, అక్షరాల మధ్య ఖాళీలు ఒకేలా అయిపోవడం కనిపిస్తుంది. ఈ పింగాణీ విలువ పెరిగేకొద్దీ నకిలీలూ పుట్టుకొచ్చాయి. అందుకే పళ్లెం ముఖం కంటే వీపు ముందు చదవాలి.

పుస్తకాల పని ఇంతలో ఆగలేదు. విద్యా ప్రజాకమిసార్ లునచార్‌స్కీ రాసిన 'ఫౌస్ట్, నగరం' నాటకానికి 1918లో అట్ట గీశాడు. జాన్ రీడ్ 'ప్రపంచాన్ని కుదిపేసిన పది రోజులు' 1923 రష్యన్ ముద్రణ అట్ట కూడా అతనిదే. అదే ఏడాది కొర్నేయ్ చుకోవ్‌స్కీ పిల్లల గేయకథ 'తరకానిషె' అతని బొమ్మలతో వచ్చింది. మీసాలు తిప్పే బొద్దింక ఒకటి ఏనుగుల్నీ సింహాల్నీ గడగడలాడించే కథ అది. చివరికి ఒక పిచ్చుక వచ్చి దాన్ని గుటుక్కుమనిపిస్తుంది. దాన్ని వేసిన పెట్రోగ్రాద్ ప్రైవేటు ప్రచురణ సంస్థ పేరు 'రాదుగ'. మన విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో కొనుక్కున్న తెలుగు సోవియట్ పుస్తకాల మీద కనిపించే మాస్కో రాదుగ అది కాదు, ఆ సంస్థ 1980ల్లో ఏర్పడింది. కానీ ఆ పుస్తకాల్లో మన తరం ప్రేమించిన బొమ్మల వెనక ఒక పరంపర ఉంది. పిల్లల పుస్తకానికి దేశంలోని అగ్రశ్రేణి చిత్రకారుణ్ణి పెట్టాలన్న పట్టుదల ఆ పరంపరకు పునాది, అది ఇలాంటి 1920ల పుస్తకాల్లో బలపడింది.

1923లో అతను ఆ ఫ్యాక్టరీ వదిలి నోవ్‌గొరద్ దగ్గర వోల్హవ్ పింగాణీ కార్ఖానాకు వెళ్లాడు. 1924లో కళావిమర్శకులు అబ్రామ్ ఎఫ్రోస్, నికొలాయ్ పూనిన్ అతని మీద పుస్తకం వేశారు. బతికుండగానే ఒక అలంకార చిత్రకారుడికి అలాంటి గౌరవం దక్కడం సామాన్యం కాదు. 1925లో తిరిగి పాత ఫ్యాక్టరీకి వచ్చాడు. ఆ ఏడాదే దానికి రష్యా శాస్త్రవేత్త లొమొనోసవ్ పేరు పెట్టారు. ఆ ఏడాదే పారిస్ అంతర్జాతీయ అలంకార కళల ప్రదర్శనలో సోవియట్ పింగాణీని ప్రపంచం చూసింది. రెండేళ్లకు మళ్లీ ఆ పని విడిచిపెట్టాడు.

1928లో పారిస్ వెళ్లాడు, ఇక తిరిగి రాలేదు. అక్కడ నికీతా బలియెఫ్ నడిపిన 'గబ్బిలం' నాటకశాలకు, బాలే ప్రదర్శనలకు రంగాలంకరణ చేశాడు. పింగాణీ వదలలేదు, నగల నమూనాలూ గీశాడు. చివరి ఏళ్లలో అతన్ని పట్టుకున్న పని బట్ట మీద ఒకేసారి ఎన్నో రంగులు ముద్రించే పద్ధతి. కాగితం, గాజుపొడి, పింగాణీ అయ్యాక అతను బట్టను ఎంచుకున్నాడు. 1936లో జర్మనీలో, స్విట్జర్లాండ్ సరిహద్దు పట్టణం ల్యోరహ్‌లో చనిపోయాడు. సోవియట్ కళాచరిత్ర వలసపోయినవాళ్లను పక్కన పెట్టింది కాబట్టి చాలా ఏళ్లు అతని పేరు వెనక్కి వెళ్లిపోయింది. అతను నడిపించిన ఫ్యాక్టరీ మ్యూజియం సేకరణ ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఎర్మితాజ్ మ్యూజియం అధీనంలో ఉంది.